దండ పడే చోట గడ్డ

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి నా దగ్గర కూర్చుంటారు. పెద్ద పెద్ద ఆపరేషన్లు ఏమేం చూశారమ్మా అని అడుగుతారు. చాలానే చూశాను. ఎద్దు పొడిచిన మనిషి పేగులు కడిగి తిరిగి లోపల పెట్టడం చూశాను. ఊరు వాటిని వారం తిరగకుండానే మరిచిపోయింది. నా ఉద్యోగంలో ఒక తాలూకాను మొత్తం అతలాకుతలం చేసింది మాత్రం నిమ్మకాయంత కొవ్వు గడ్డ. మనిషిని నిద్రపుచ్చే మత్తు కూడా అక్కరలేని పని అది. చర్మం మొద్దుబారడానికి ఒక సూది, ఒక కోత, నాలుగు కుట్లు. మీ పుస్తకాల్లో దానికి అర పేజీ ఇస్తారు. మిగిలిన పేజీలు నేను చెబుతాను.

మాది పాలమూరు వైపు. మా అమ్మా నాయినా ఒకరి చేలల్లో కూలికి పోయినవాళ్లు. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, అరవైల మొదట్లో నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరి దవాఖానాకు వచ్చాను. ఊరి పేరు చెప్పను. ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్లకూ మెడలున్నాయి.

దవాఖానా అంటే నిజాం కాలపు పాత కచ్చేరీ. ఒక పొడుగాటి హాలు, మధ్యలో గుడ్డ తెర. తెరకు ఇటు మగవాళ్ల మంచాలు, అటు ఆడవాళ్లవి. చివర ఒక చిన్న గది, కోతలకూ కుట్లకూ. నీళ్లు కావాలంటే ఆయా రోడ్డు దాటి బావి నుంచి మోసుకు రావాలి. పనిచేసేవాళ్లం నలుగురం: డాక్టరు, కంపౌండరు, ఆయా, నేను.

డాక్టరు కృష్ణా నదికి అవతలి నుంచి వచ్చిన మనిషి. ముప్పై దాటి ఉంటాయి. చెయ్యి చాలా నెమ్మది, మాట ఇంకా నెమ్మది. అందరినీ మీరు అనేవాడు, గొర్రెలు తోలుకొచ్చిన పిల్లవాణ్ణి కూడా. అది విని కొందరు వెనక్కి తిరిగి ఎవరితో మాట్లాడుతున్నాడా అని చూసుకునేవాళ్లు. కంపౌండరు ఇక్కడివాడే, పాత సర్కారు నుంచి ఉన్నవాడు. నలుగురు డాక్టర్లు వచ్చి పోవడం చూశాడు. అందుకని ఏ డాక్టరూ ఇక్కడ స్థిరపడతాడని నమ్మేవాడు కాదు.

అప్పటికి పంచాయతీ సమితులు కొత్తగా వచ్చాయి, కొన్ని ఊళ్లకు కలిపి ఒకటి. మా సమితి ప్రెసిడెంటు యాభై దాటిన రైతు. చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. కాకపోతే ఆయనకు పూలదండ అంటే ఇష్టం. బావికి ప్రారంభోత్సవం, బడికి ప్రారంభోత్సవం, ఎరువుల గోదాముకు, పశువుల కొట్టానికి, ఒకసారి బస్సు ఆగే చోట పాతిన స్తంభానికి కూడా. ఎక్కడికి పోయినా దండ. ఆ దండ సరిగ్గా ఎక్కడ ఆనుతుందో, మెడ వెనక, అక్కడే గడ్డ. ఎన్నేళ్లుగానో బఠాణీ గింజంత ఉండి ఎవరినీ ఏమీ అనలేదట. ప్రెసిడెంటు అయ్యాక రాపిడి మొదలైంది. గడ్డ పెరిగింది, ఎర్రబడింది, రోజూ నొప్పి.

జీపులో ఎనిమిది మందితో మా దగ్గరికి వచ్చాడు. డాక్టరు చొక్కా కాలరు దించి చూస్తే, గడ్డ సంగతి తరువాత, దాని చుట్టూ మెడే కనిపించలేదు. ఒకరు సున్నం, సబ్బు కలిపి పెట్టారు. ఒకరు గుర్రం వెంట్రుక కట్టి బిగించారు. ఇంకొకరు జిల్లేడు పాలు పూశారు. సమితిలో ఎన్ని ఊళ్లున్నాయో అన్ని వైద్యాలూ ఆ మెడ మీద ఉన్నాయి. ఎవరి మందు కాదంటే ఆ ఊరికి కోపం. డాక్టరు మొదట ఆ మందులకు మందు వేశాడు. పుండ్లు మానిన తరువాతే గడ్డ తీస్తానన్నాడు.

ఈలోపల తియ్యాలా వద్దా అని సమితి ఆఫీసులో వాదన. గడ్డ పెరగడం మొదలైన ఏడే ఆయన గెలిచాడని, గడ్డ పోతే పదవి పోతుందని ఒక వర్గం. గడ్డ ఉంటే దండలు వేయించుకోలేడు, దండలు లేకపోతే పదవి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని రెండో వర్గం. ప్రెసిడెంటు స్వయంగా వచ్చి, గడ్డకూ పదవికీ సంబంధం ఉన్నట్టు మీ చదువులో ఏమన్నా ఉందా అని డాక్టరును అడిగాడు. మేం చదివిన పుస్తకాల్లో కనిపించలేదండీ అని డాక్టరు చాలా గంభీరంగా చెప్పాడు. ఆయన నవ్వలేదు. నేను మందుల గదిలోకి పోయి నవ్వాను.

చివరికి ముహూర్తం పెట్టించారు. ముందురోజు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. తలకు పోసుకోవాలి, మెడ వెనక వెంట్రుకలు గీయించుకోవాలి, ఉతికిన బట్టలు కట్టుకోవాలి. ఒకవేళ మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలని, "రేపు పొద్దున మాత్రం ఏమీ తీసుకోకుండా రండి" అన్నాడు.

ప్రెసిడెంటు ముఖం ఎర్రబడింది. వెంట ఉన్నవాళ్లు నేల చూపులు చూశారు.

"ఎవలు చెప్పిన్రు సార్ మీకు, నేను తీసుకుంటనని?"

డాక్టరుకు అర్థం కాలేదు. "పొద్దున్నే అందరూ తీసుకుంటారు కదండీ. మీరు రేపొక్కరోజు మానండి, చాలు."

 కంపౌండరు మధ్యలోకి వచ్చి, తినకుండా తాగకుండా రమ్మంటున్నాడు సాబ్, వాళ్ల దిక్కు అట్లా అంటారు అని సర్దిచెప్పాడు. ప్రెసిడెంటు కాసేపు ఆలోచించి నవ్వాడు. ఆయన నవ్వడం చూసుకుని మిగతావాళ్లు నవ్వారు.

అదే మాట ఆ రోజే ఇంకొకరికి కూడా చెప్పాడు డాక్టరు. ఆమె తిరుమలగిరి వైపు నుంచి వచ్చింది, గొర్రెలు కాసే ఇంటి మనిషి, నలభై అయిదు ఉండవచ్చు. ఆమెకు నడినెత్తి మీద గడ్డ, సరిగ్గా గంప ఆనే చోట. మంద వెంట ఊరూరా తిరిగేటప్పుడు వంట గిన్నెలు, అప్పుడే పుట్టి నడవలేని గొర్రెపిల్లలు అన్నీ ఆమె నెత్తి మీది గంపలోనే. గడ్డ పెరిగినకొద్దీ గంప ఒక పక్కకు ఒరుగుతోంది. తెల్లారి ఆమె నిండుగా జొన్న గటక తిని, చేతులూపుకుంటూ వచ్చింది. కప్పుకోవడానికి గొంగడి కూడా లేదు. ఏమీ తీసుకోకుండా రమ్మంటిరి గదా అంది.

ముహూర్తం వేళకు ప్రెసిడెంటు రాలేదు. ఇంటి ముందు పిల్లి ఎదురైందని ఆగాడట. నీళ్లు మరుగుతున్నాయి, కత్తులు ఉడికి సిద్ధంగా ఉన్నాయి. మత్తు అక్కరలేదు, చర్మానికి సూది చాలు అని డాక్టరు ఆమెనే ముందు బల్ల మీద పడుకోబెట్టాడు. నడినెత్తిన వెంట్రుకలు నేను గీయాలి. మగడు బతికున్న మనిషికి నెత్తి గీయడమేమిటని చేత్తో కత్తి ఆపింది. కాసేపాగి తనే ఒక ఉపాయం చెప్పింది. "మొత్తం తీసెయ్ సిస్టరమ్మా. గుట్ట నర్సింహసామికి మొక్కు ఉండె అని చెప్పుకుంట." స్వామికి తెలియకుండానే ఆ మొక్కు నేను తీర్చాను. సూది వేసినప్పుడు కూడా ఆమె కదల్లేదు.

ప్రెసిడెంటు వచ్చేసరికి ఆమె కట్టు కట్టుకుని వెనక గోడ పక్కన ఎండలో కూర్చుని ఉంది. అదే బల్ల మీద మా సాబ్ ఎట్లా పడుకుంటాడని వెంట ఉన్నవాళ్లలో ఒకరు తగువు లేవదీశారు. బల్ల కడిగాం, ఆమెను కూడా కడిగే పడుకోబెట్టాం అన్నాడు డాక్టరు. కిటికీలో తలలు కనిపిస్తుంటే కంపౌండరు దుప్పటి కట్టాడు. సూది దిగినప్పుడు ప్రెసిడెంటు గుట్ట స్వామిని పేరు పెట్టి పిలిచాడు. ఆ స్వామికి ఆ రోజు మా దవాఖానాలోనే రెండు పనులు పడ్డాయి.

గడ్డ బయటికి వచ్చింది. చూస్తానన్నాడు, చూపించాం. జనం చూస్తామన్నారు. కంపౌండరు దాన్ని స్పిరిటు సీసాలో వేసి గడప మీద పెట్టాడు. వరసగా వచ్చి చూశారు. ఒక పెద్దమనిషి చెప్పులు విడిచాడు. ఒకతను కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నిమ్మకాయంత గడ్డ బస్సు స్టాండు చేరేసరికి బత్తాయి అయింది, మరుసటి రోజు సంతలో కొబ్బరికాయ అయింది.

డాక్టరు ఇద్దరికీ ఒకటే మాట చెప్పాడు. కుట్లు తీసి, కోత గట్టిపడేదాకా తడి తగలకూడదు, రాపిడి తగలకూడదు, బరువు పడకూడదు. ఆమెకు గంప వద్దన్నాడు. ఆయనకు దండ వద్దన్నాడు.

చిక్కు ఏమిటంటే వారంలో మా కొత్త ఆపరేషన్ థియేటర్ ప్రారంభోత్సవం ఉంది. కచ్చేరీ పక్కనే కట్టారు. కట్టింది ప్రెసిడెంటు బామ్మర్ది. తెరవడానికి ఒక మంత్రిగారు వస్తున్నారు. ప్రెసిడెంటు చాలాసేపు బేరమాడాడు. మెత్తటి పూలైతే? నూలు దండైతే? ఒక్కటైతే? చివరికి దండలన్నీ చేత్తోనే తీసుకుంటానని మాట ఇచ్చాడు. అయినా నమ్మకం లేక డాక్టరు నన్ను వేదిక మీద ఆయన వెనక నిలబడమన్నాడు. నేను ఎన్నో వార్డుల్లో డ్యూటీ చేశాను కానీ ఒకే ఒక్క మెడకు కాపలా ఉండడం అదే మొదలు.

ప్రారంభోత్సవానికి ముందురోజు గొర్రెలామె తిరిగి వచ్చింది. కట్టు రక్తంతో తడిసి ఉంది. మేత అయిపోయి మంద కదిలిందట. ఈనిన గొర్రెలున్నాయి, పిల్లల్ని ఎవరు మొయ్యాలి? రెండు ఊళ్లు మోసింది, మూడో ఊళ్లో కుట్లు తెగాయి. డాక్టరు ఎంత మెత్తటి మనిషైనా ఆ రోజు ఆమె మగణ్ణి మందలించాడు. తెరకు అవతల మంచం ఇచ్చి పడుకోబెట్టాం.

ఇక ఆ రోజు. షామియానా, మైకు, తోరణాలు. ప్రతి ఊరి సర్పంచీ రెండేసి దండలు తెచ్చాడు, ఒకటి మంత్రికి, ఒకటి ప్రెసిడెంటుకు. అవి మీరు ఇప్పుడు చూసే దండలు కావు. బంతిపూలు నారకు గుచ్చి, వాడిపోకుండా నీళ్లలో ముంచి తెచ్చినవి. ఒక్కొక్కటి చేదతాడంత లావు.

ఎండ నెత్తికెక్కాక ఒక జీపు వచ్చింది. అందులో డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. మంత్రిగారికి వేరే పని పడింది, రాలేరు, మీరే కానివ్వండి అని చెప్పి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ప్రెసిడెంటు రిబ్బను కత్తిరించాడు. తరువాత దండలు. మొదటి నలుగురి దండలు చేత్తో తీసుకుని నాకిచ్చాడు. అయిదో మనిషి ముసలి సర్పంచి, దూరపు ఊరివాడు, రాత్రంతా బండి మీద వచ్చినవాడు. దండ చేతికి ఇవ్వలేదు, పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"మా ఊరి దండ మెడల పడరానిదా సాబ్?" అన్నాడు. మైకు పక్కనే ఉంది. అందరికీ వినిపించింది.

ప్రెసిడెంటు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. జనం వైపు చూశాడు. కూర్చున్నవాళ్లంతా ఆయన మెడ వైపే చూస్తున్నారు. పాపం, ఆయన మూడోసారి ఎటూ చూడలేదు. వంగాడు.

ఒకరిది వేయించుకున్నాక ఇంకొకరిది కాదనే దారి లేదు. పైగా మంత్రికి తెచ్చిన దండలున్నాయి, వాటిని ఇంటికి తీసుకుపోతే ఊళ్లో ఏం ముఖం చూపిస్తారు? అవీ ఆయన మెడకే వచ్చాయి. నేను తీస్తూనే ఉన్నాను, వాళ్లు వేస్తూనే ఉన్నారు. నేను తీసేటప్పుడు లాగుతున్నాను, వాళ్లు వేసేటప్పుడు నొక్కుతున్నారు. కాసేపటికి నా వేళ్లు తడిగా తగిలాయి. బంతిపూల నీళ్లనుకున్నాను. ఖద్దరు లాల్చీ వీపంతా ఎర్రగా దిగుతోంది.

ఆ తరువాత అంతా గందరగోళం. ఎవరో రాయి విసిరారన్నారు. కత్తి అన్నారు. ఉన్న ఒక్క పోలీసూ ఎవరిని పట్టుకోవాలో తెలియక మైకువాణ్ణి పట్టుకున్నాడు. సాయంత్రానికి ఒక ఊళ్లో ప్రెసిడెంటు పోయాడనే మాట చేరి, పంచాయతీ ఆఫీసులో ఆయన ఫోటోకు దండ వేసి దీపం పెట్టారట. ఆ రోజు వేసిన దండల్లో ఎవరికీ హాని చెయ్యనిది అదొక్కటే.

మేం ఆయనను దగ్గరలో ఉన్న గదిలోకే మోసుకుపోయాం. అంటే అప్పుడే ఆయన రిబ్బను కత్తిరించిన థియేటర్‌లోకి. బోర్లా పడుకోబెట్టాక తెలిసింది, తెల్లగుడ్డ కప్పిన ఆపరేషన్ బల్ల బడి నుంచి తెచ్చిన బెంచీలు రెండు కలిపినదని. మీట నొక్కాను. పైన బల్బు ఉంది, దానికి తీగ లేదు, కరెంటు ఇంకా ఊరి బయటి స్తంభం దాకానే వచ్చింది. అద్దాల బీరువాలో సీసాలు వరసగా ఉన్నాయి, అన్నీ ఖాళీవి. చేతులు కడుక్కోవడానికి నల్ల తిప్పాను. గోడకు బిగించిన కొత్త నల్ల అది, దానికి కూడా ఎవరో ఒక దండ వేశారు. గాలి కూడా రాలేదు.

"నీళ్లేవి?" అన్నాడు ప్రెసిడెంటు, ముఖం బెంచీకి ఆనించి.

 కంపౌండరు గాయం మీద గుడ్డ నొక్కి పట్టుకుని ఉన్నాడు. "నల్ల ఈ బడ్జెట్ల సాబ్. పైపు వచ్చే బడ్జెట్ల అన్నరు."

గుమ్మంలో అప్పటిదాకా చేతులు నలుపుకుంటూ నిలబడ్డ బామ్మర్ది అక్కడ లేడు.

మళ్లీ మోసుకుని పాత కచ్చేరీకే తెచ్చాం. ఆయా పరుగెత్తి బావి నుంచి నీళ్లు తెచ్చింది. కోతలో పూల రేకులు, నార పోగులు. వెంటనే కుట్టేస్తే మలినం లోపలే ఉండిపోతుందని డాక్టరు కడిగి, గాజుగుడ్డ కూరి, తెరిచే ఉంచాడు. రోజూ కడగాలి, లోపలి నుంచి పూడుకురావాలి. మరుసటి రోజు జ్వరం వచ్చింది. రెండు రోజులు మేమంతా భయపడ్డాం, మెడ మీద చీము కదా. పెన్సిలిన్ సూదులు వేస్తూ డాక్టరు మంచం పక్క నుంచి లేవలేదు. మూడో రోజుకు జ్వరం దిగింది.

ప్రత్యేక గది ఏదీ లేదు. తెరకు ఇటు పక్క మంచం మీద, ముఖం దిండులో పెట్టి, ప్రెసిడెంటు బోర్లా పడుకుని ఉన్నాడు. మొదటి రోజు గుంపులుగా వచ్చారు, డాక్టరు అందరినీ మెట్ల దగ్గరే ఆపాడు. రెండో రోజు తగ్గారు. ఆ తరువాత ఎవరూ లేరు. మంత్రి రాకపోవడానికి కారణం ప్రెసిడెంటు మీద కోపమట, ఇక ఈయన పని అయిపోయినట్టేనట, అవిశ్వాసం పెడతారట అని ఊళ్లో మాట పుట్టింది. దవాఖానాకు వస్తే ఎవరి మనిషో తెలిసిపోతుందని ఎవరికివారు తప్పుకున్నారు. అన్నం తెచ్చే భార్య ఒక్కతే వచ్చేది. ఆమె కూడా బావి నుంచి ఒక బిందె మోసుకొచ్చేది, ఆయన గాయం కడగడానికి.

తెరకు అవతల గొర్రెలామె. ఆమెకు మాట్లాడకుండా ఉండడం రాదు. ఇటు ఎవరున్నారో ఆమెకు తెలియదు, మేం చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నేను గాయం కడుగుతుంటే, ఆమె అటు నుంచి పలకరించింది.

"ఏమన్నా, నీకేడ కోసిన్రు?"

 "మెడ మీద" అన్నాడు ప్రెసిడెంటు.

"మెడ మీద ఏం మోస్తవు?"

నా చేతిలో పటకారు ఆగింది. ఆయన దిండులోకి అన్నాడు, "దండలు."

"గుడికాడ అమ్ముతవా?"

"లేదు చెల్లే. మెడల ఏస్తరు. మీటింగులల్ల."

ఆమె ఆలోచించినట్టుంది. "ఏసుడంటే, నువ్వంటే మంచిగనిపించి ఏస్తరా?"

"గట్లనే అనుకుంటున్న."

"మరి మంచిగనిపించినోళ్లు ఒక్కలన్న కనవడ్తలేరేంది? నాలుగొద్దులాయె, నీ దిక్కు మీ ఇంటామె గొంతు దప్ప ఏం ఇనవడ్తలేదు."

నేను కట్టు కట్టడం త్వరగా ముగించాను. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

కానీ ఆ తరువాత ఆయనే మాట కలిపేవాడు. గొర్రెల రోగాల గురించి, మేత గురించి అడిగేవాడు. ఆమె దవాఖానా గురించి చెప్పేది. నల్ల పెట్టారు కానీ నీళ్లు పెట్టడం మరిచిపోయారని, ఈ ముసలి ఆయా బిందెలు మోసి మోసి తన లెక్కనే నెత్తికి గడ్డ తెచ్చుకుంటుందని అంది. ఆయన బామ్మర్దికి కబురు పంపాడు. బామ్మర్ది ఊళ్లో లేడని జవాబు వచ్చింది. రెండోసారి భార్య చేత కబురు పంపాడు. ఆమె తన తమ్ముడితో ఏమందో నాకు తెలియదు కానీ, మరుసటి పొద్దున రోడ్డుకు అడ్డంగా కాలువ తవ్వుతున్నారు. బావి మీద ఆయిల్ ఇంజను, కచ్చేరీ మీద ట్యాంకు. వచ్చే బడ్జెటు ఎంత దూరంలో ఉందో కానీ, నీళ్లు ఆ నెలలోనే వచ్చాయి. నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ నల్ల ఆగలేదు. న్యాయంగా ఆ మాట చెప్పాలి. నల్ల పైన ఆయన పేరు చెక్కిన శాబాదు బండ పెట్టారు. అది నల్లకు ఆరింతలుంటుంది, బిందె పెట్టేటప్పుడు తలకు తగిలేది. అదీ చెప్పాలి.

గొర్రెలామె ముందుగా బాగుపడింది. తీసుకుపోవడానికి మగడు వచ్చాడు. గంప తన నెత్తి మీదే పెట్టుకుని వచ్చాడు, అందులో రెండు గొర్రెపిల్లలు. దారి పొడుగునా నవ్వారట. అలవాటు లేని మెడ, చెమటలు కారుతున్నాయి. ఆమె గుండు మీద కొంగు కప్పుకుని నా ముందు నిలబడి, రెండు చేతులూ చూసుకుంది. నెత్తిన ఏమీ లేకుండా నడవడం ఎప్పుడూ ఎరగదట. "చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు సిస్టరమ్మా" అంది.

పోతూ పోతూ తెర పక్కకు జరిపింది. ప్రెసిడెంటు అప్పటికి లేచి కూర్చుంటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడడం అదే మొదటిసారి. ఆమె ఆయనను గుర్తుపట్టలేదు, గుర్తుపట్టడానికి ఆమె ఏ మీటింగుకూ పోయిన మనిషి కాదు. "పోయొస్తన్నా. జర పైలం" అంది. ఆయన రెండు చేతులూ జోడించాడు. కట్టు వల్ల తల వంచలేకపోయాడు.

ఇంకో వారానికి గాలి మారింది. మంత్రిగారు ఎక్కడో సభలో మా ప్రెసిడెంటు ఆరోగ్యం గురించి అడిగారట. కోపం లేదన్నమాట. ఇంటికి పంపే రోజు పొద్దున్నే గేటు ముందు జనం. జీపులు, డప్పులు, మళ్లీ బంతిపూలు. ముందు వరసలో బామ్మర్ది.

డాక్టరు మెట్ల మీదికి పోయి, వినయంగా చేతులు జోడించి, ఆయన మెడ మీద ఇంకో నెల పూల రేకు కూడా పడకూడదని చెప్పాడు. ప్రెసిడెంటు పక్కనే నిలబడి అవును అన్నట్టు చెయ్యి ఊపాడు, ఆ సంగతి ఆయనకు ఇప్పుడు బాగా తెలుసు. జనం ఒక్క క్షణం దిక్కుతోచక నిలబడ్డారు. తెచ్చిన దండలను ఏం చెయ్యాలి? ఎవరో ఒకరు, సాబ్‌ను బతికించిన డాక్టరు ఈయనే గదా అన్నారు. అంతే. డాక్టరు వద్దు వద్దంటూ వెనక్కి జరుగుతున్నా వినలేదు. కళ్లద్దాల దాకా మునిగిపోయాడు. డప్పులు మోగాయి. ప్రెసిడెంటు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. నవ్వుతూనే కొట్టాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను, చివరిదాకా నవ్వు అట్లాగే ఉంది, కాకపోతే కాసేపటికి అది ముఖం మీద మరిచిపోయి వదిలేసిన నవ్వులా కనిపించింది.

కంపౌండరు నా పక్కకు వచ్చి, డాక్టరు సాబ్ సామాను ఎంత ఉంటుంది అని అడిగాడు. అర్థం కాక ఎందుకన్నాను. ఊరికే అన్నాడు.

నెల తిరగకముందే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది, ఆదిలాబాద్ అడవుల వైపు. ఎవరు చేయించారో ఎవరూ చెప్పలేదు. ఆయన పోవడం సమితికి తీరని లోటని ప్రెసిడెంటు బాధపడ్డాడు, నిజంగానే బాధపడి ఉండవచ్చు. బస్సు దగ్గరికి కంపౌండరు, ఆయా, నేను పోయాం. డాక్టరు పెట్టె పైకెక్కించి, ఆదివాసుల భాషలో తినడాన్ని ఏమంటారో ముందే కనుక్కోవాలి సిస్టర్, ఈసారి పొరపాటు పడను అన్నాడు. ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. ఆ కోపం నాకు వచ్చింది, చాలా ఏళ్లు ఉంది.

కొత్త డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, మెరిసే బూట్లు, మంచి ఉత్సాహం. చేరిన రోజునే స్వాగతం చెప్పడానికి ప్రెసిడెంటు స్వయంగా వచ్చాడు, బామ్మర్ది చేతిలో దండతో. కొత్తాయన పొంగిపోయి మెడ వంచబోయాడు. నేను ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. వంగి ఆయన చెవిలో చెప్పాను.

"చేత్తో తీసుకోండి సార్. తీసుకుని వెంటనే ఆయన చేతికే ఇవ్వండి."

ఎందుకో ఆయనకు అర్థం కాలేదు కానీ, నర్సు మాట వినే అలవాటున్న మనిషి, అట్లాగే చేశాడు. ప్రెసిడెంటు ముఖం వికసించింది. ఆ డాక్టరు మా ఊళ్లో తొమ్మిదేళ్లు ఉన్నాడు.